గ్రోనోని గుర్తుపట్టిన పొయ్యి

రోజూ తెల్లారగానే గ్రోనో కొండ దిగి, తను పుట్టిన ఇంటికి వెళ్ళి, అందులో కాపురముంటున్న విల్కిన్ దొరకి పొయ్యి రాజేసి వచ్చేవాడు. వేల్స్‌ని గెలిచిన ఇంగ్లండు రాజు ఆ ఇంటినీ ఓట్స్ చేనునీ, తన దేశం నుంచి తరలివచ్చిన విల్కిన్‌కి రాసిచ్చాడు. గ్రోనోకీ, నడుం పడిపోయిన అతని తల్లి గెనెరిస్‌కీ కొండమీది బురదనేల చూపించాడు. పొయ్యి మాత్రం రాజు మాట వినలేదు. రాత్రి బూడిద కప్పిన నిప్పు పొద్దున గ్రోనో వంశంవాళ్ళ చెయ్యి తగిలితేనే లేచేది. తెలిసిన చేతికే ఆవు చేపుతుంది, ఇందులో వింతేముంది అనుకునేవాళ్ళు మా వేల్స్‌వాళ్ళు.

"రావయ్యా, మీ చుట్టం ఇంకా నిద్రలేవలేదు" అని పొయ్యి చూపించేది విల్కిన్ భార్య ఎడిత్. కూలికింద కుండలో నాలుగు నిప్పులు వేసిచ్చేది. కొండమీది తడినేలలో వేరే నిప్పు అంటుకునేది కాదు. ముసలి గెనెరిస్ వాటితోనే చలికాలం గట్టెక్కుతోంది.

మా పాత చట్టం ఒకటుంది. సాక్షుల ఎదుట తండ్రి పొయ్యిలో బూడిద తీసి నిప్పు లేపినవాడిదే తండ్రి నేల. దాన్ని నమ్ముకుని గ్రోనో పట్నం కోర్టుకెక్కుతానన్నాడు.

"వాళ్ళ కోర్టులో మన చట్టం చెల్లుతుందట్రా?" అంది తల్లి.

"పొయ్యి అబద్ధమాడదు కదమ్మా."

"పొయ్యి ఆడదు నాయనా. వినేవాళ్ళని చూస్తేనే నాకు భయం."

గ్రోనో ఫిర్యాదు మీద ఇంగ్లీషు న్యాయాధికారి, మాటలు తర్జుమా చేసే దుబాసీని వెంటపెట్టుకుని విల్కిన్ ఇంటికే వచ్చాడు. విల్కిన్ మోకాళ్ళమీద కూర్చుని ఊదాడు. బూడిద ఎగిరి గడ్డానికి అంటుకుంది. గ్రోనో చెయ్యి పెట్టగానే మంట నిలువునా లేచింది. గుమ్మం బయట మా ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"రుజువైంది. వీడు ఈ పొయ్యికి చెందినవాడు" అన్నాడు అధికారి. "పొయ్యి ఎవరిది?"

"నాదండి" అన్నాడు విల్కిన్.

"అయితే వీడూ నీవాడే. మా చట్టంలో నేలకి కట్టుబడ్డవాడు నేలతోపాటే చేతులు మారతాడు. నీ సెలవు లేనిదే గడప దాటకూడదు."

దుబాసీ ఆ మాటలు చెప్పేసరికి గ్రోనో కొండకేసి చెయ్యి చూపించాడు. "పైన మా అమ్మ ఉంది" అన్నాడు.

"ఆమె చెయ్యి పెడితే మంట లేస్తుందా?"

ఆమె ఆ ఇంటికి వచ్చిన కోడలు. లేవదు.

"అయితే ఆవిడకి ఏ కట్టూ లేదు. ఎక్కడైనా బతకొచ్చు" అన్నాడు అధికారి.

మర్నాడు గ్రోనో నిప్పుల కుండ అడిగితే ఎడిత్ నవ్వింది. "కూలివాడికైతే కూలి ఇస్తాం. మన ఇంటి మనిషికి కూలేమిటి?"

మంచు పడి కొండదారి మూసుకుపోయింది. గ్రోనో గుమ్మంలో నిలబడి పై గుడిసెకేసి చూసేవాడు. అక్కడ పొగ కనిపించని మూడో రోజున, ఇక పొయ్యి ముట్టనని చేతులు చంకల్లో దాచుకున్నాడు. విల్కిన్ అతని మెడ పట్టి వంచి, చెయ్యి బూడిదలోకి తోశాడు. ఈ ఒక్కపూట లేవకు, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను అని గ్రోనో లోలోపల బతిమాలుకున్నాడు. నిప్పు అతన్ని గుర్తుపట్టి ఎప్పటికన్నా ఎత్తుగా లేచింది. ఎడిత్ పిండి కలిపి రొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది.