వేళ్ల కింద కప్పు

మొక్కజొన్న లారీ కాటా ఎక్కగానే ఎమిల్ వోండ్రా కిటికీలోంచి దాని టైర్లకేసి చూసి ఒక అంకె చెప్పాడు. ముల్లు ఊగీ ఊగీ దాదాపు అక్కడే ఆగింది.

"నీ కళ్లు తగలెయ్య, ఇంకెందుకయ్యా ఈ మిషను!" లారీ దిగిన రైతు లాంబర్ట్ జెలెనీ పగలబడి నవ్వాడు. "ఇంత తూకగాడివి, ఆటలో మాత్రం కోడిపిల్లల్ని నిలబెడతావేం? నీ ముగ్గుర్నీ కలిపి దీనిమీద ఎక్కిస్తే ముల్లు ఉలుకుతుందా?"

"తూకం వేరు, దెబ్బ వేరు లాంబర్ట్. మధ్యాహ్నం రా, చూద్దువు గాని."

ఎమిల్‌కి డెబ్బై దగ్గరపడుతున్నాయి. వెడల్పాటి వీపు, తలకి అతికించినట్టుండే చెవులు, వంకరపోయిన రెండు వేళ్లు. మోకాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, మెట్లు చూస్తేనే తిట్టుకునేవాడు. నెబ్రాస్కాలోని ఈ లిబెన్ ఊరు దాటి ఆయన ఉద్యోగం చేసింది లేదు. పగలు ధాన్యం గోదాములో కాటా, సాయంత్రం బడి మైదానంలో అమెరికా తరహా ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లకి పాఠం. అదీ బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే కుర్రాళ్లకి కాదు, ఎదుటివాళ్లని అడ్డుకుని వాళ్లకి దారి తీసేవాళ్లకి. తన చిన్నప్పుడు ఆయనా దారి తీసినవాడే. బంతి పట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. దారి తీసినవాడి పేరు వాళ్లమ్మకి గుర్తుంటే గొప్ప.

ఊళ్లో పిల్లలు తక్కువ కాబట్టి ఇక్కడ జట్టుకి ఎనిమిది మందే. నడిమి వరసలో దారి తీసేవాళ్లు ముగ్గురు. ఈ ఏడు ఎమిల్ ఏరుకున్న ముగ్గురూ, టేట్, వెస్లీ, కోల్బీ, బక్కపలచని వాళ్లు. కానీ పిల్లుల్లా మసలుతారు. ఏ చోట నిలబెట్టినా ముగ్గురికీ మూడు చోట్ల పనీ తెలుసు. "ఎదుటివాణ్ణి తొయ్యకండ్రా, వాడు మీకంటే బరువు. వాడి సంగతి మీ పక్కవాడు చూస్తాడు. మీరు వెళ్లి, వాడు మిమ్మల్ని ఊహించని చోట ఉండండి" అనేవాడు. పొద్దున్నే గోదాములో కాఫీ తాగిన కాగితపు కప్పుల్ని దాచి మైదానానికి తెచ్చేవాడు. వంగి నిలబడినప్పుడు నేలకి ఆనించే చేతి వేళ్ల కింద కప్పు బోర్లించాలి. అది నలగకూడదు. చేతిమీద బరువు మోపినవాడు ముందుకే పోగలడు; మోపనివాడు ఎటైనా పోగలడు. కప్పు నలిపినవాడికి మైదానం చుట్టూ పరుగే శిక్ష.

ఆ మధ్యాహ్నం క్రాస్‌ఫోర్డ్ జట్టుతో ఆట. గాలివానకి దీపస్తంభాలు పడిపోయాయి కాబట్టి పగలే పెట్టారు. గోదాము నుంచి ఎమిల్ తిన్నగా బడికి వచ్చేసరికి పెద్ద కోచ్ డారెన్ కుబిక్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. డారెన్ ఒకప్పుడు ఎమిల్ శిష్యుడే.

"కోచ్, చెప్పేస్తున్నా. సగం ఆట మీ పిల్లలది. అప్పటికి వెనకబడి ఉంటే వాళ్లని తీసేసి బెంచీమీదున్న బండోళ్లని దించుతాను, వచ్చే ఏడు కూడా వాళ్లతోనే. తల్లిదండ్రులు నన్ను బతకనివ్వట్లేదు."

"ఒరేయ్ డారెన్, నా దగ్గర ఆడినప్పుడు నువ్వెంతుండేవాడివిరా? గాలేస్తే కంచెకి అతుక్కునేవాడివి!"

"అందుకే కదా ఆ సగమైనా ఇచ్చింది."

ఎమిల్ నవ్వేశాడు కానీ, ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. ఇన్నేళ్లుగా కుర్రాళ్లకి నేర్పింది ఒక్క ఆటతో చెరిగిపోతుందంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు?

భార్య ఆర్లీన్ ఆల్‌బుఖారా పళ్ల గుజ్జు పెట్టిన కొలాచ్ అనే తీపి రొట్టెలు డబ్బాలో తెచ్చింది. "ఏమయ్యా, మాత్ర వేసుకున్నావా?"

"జేబులో ఉందిలే."

"జేబుకా వచ్చింది గుండెనొప్పి?"

ఆమె చూస్తుండగా మింగాడు.

ఆట మొదలైంది. క్రాస్‌ఫోర్డ్ వాళ్లు ఒకసారి గీత దాటి ఆరు పాయింట్లు కొట్టారు, ఆపై దొరికే అదనపు ప్రయత్నాన్ని మాత్రం వృథా చేసుకున్నారు. ఇటువైపు ఏ ఎత్తు వేసినా పారట్లేదు. టేట్ పక్కకి పరిగెత్తబోయే ప్రతిసారీ ఎదుటి లావుపాటివాడు ముందే అరుస్తున్నాడు: "పక్కకిరోయ్, పక్కకి!"

లాంబర్ట్ ప్రేక్షకుల మెట్లమీంచి కేక పెట్టాడు. "కోడిపిల్లల్ని గంప కిందికి తోలెయ్ ఎమిల్!"

ఎమిల్ మోకాళ్లు కలుక్కుమంటున్నా వంగి, గడ్డిమీదున్న వేళ్లకేసే చూశాడు. దొరికింది. నేరుగా దూకాల్సి వచ్చినప్పుడు టేట్ ఉత్సాహం పట్టలేక కణుపులు తెల్లబడేలా చెయ్యి నొక్కుతున్నాడు. పక్కకి పోవాల్సినప్పుడు బుద్ధిగా, తేలిగ్గా ఆనిస్తున్నాడు. తను నేర్పిన పాఠమే శత్రువుకి కబురు మోస్తోంది.

సగం ఆట ముగియబోతుండగా డారెన్ విరామం అడిగాడు. బెంచీ చివర బండోళ్లు అప్పటికే హెల్మెట్లు పెట్టుకుంటున్నారు. ఎమిల్ టేట్ మెడ పట్టుకుని దగ్గరికి లాగాడు.

"ఈసారి నొక్కు. కణుపులు తెల్లబడేలా నొక్కు. నొక్కి, పక్కకి పో."

"అయ్యో కోచ్! కప్పు నలిపినందుకు మీరే కదా నిన్న నా ప్రాణం తోడేశారు?"

"ఈ ఒక్కసారికి నలుపు. చెయ్యి వాడికి చూపించు, బరువు మాత్రం కాళ్లలో ఉంచుకో. నీవల్ల అవుతుందిరా, నాకు తెలుసు."

టేట్ చెయ్యి నొక్కాడు. లావుపాటివాడు తల వంచి, ఎద్దులా నేరుగా దూసుకొచ్చాడు. అక్కడ టేట్ లేడు. పక్కనుంచి వెస్లీ వాడి నడుం మీద భుజంతో ఒక్క గుద్దు గుద్దాడు, వాడు గడ్డి కరిచాడు. టేట్ అప్పటికే అవతలి అంచున ఇంకొకణ్ణి అడ్డగించి ఉన్నాడు. బంతి పట్టినవాడు ఆ సందులోంచి తిన్నగా గీత దాటాడు, ఆరుకి ఆరు సమం. వెంటనే వచ్చే అదనపు ప్రయత్నానికి ముగ్గురూ ఎవరూ చెప్పకుండానే చోట్లు మార్చుకున్నారు. కోల్బీ మధ్యకి, వెస్లీ కుడికి, టేట్ ఎడమకి. అదీ ఫలించింది, దాంతో రెండు పాయింట్ల ఆధిక్యం.

"చాలు" అన్నాడు ఎమిల్. ఇన్నేళ్లలో ఆయన అంత హాయిగా ఆ మాట అన్నది లేదు.

రెండో సగంలో ఆయన అరవనే లేదు. బెంచీ చివర కూర్చుని, జేబులోని కాగితపు కప్పుని చెక్కమీద బోర్లించి, దానిమీద వేళ్లు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. బండోళ్లు హెల్మెట్లు తీసేశారు. లాంబర్ట్ గొంతు బొంగురుపోయేదాకా టేట్ పేరే అరిచాడు. చివరి ఈల పడి లిబెన్ గెలవగానే అందరూ మైదానంలోకి పరిగెత్తారు.

డారెన్ ఆ గోల తప్పించుకుని బెంచీకేసి వచ్చాడు.

"కోచ్, వచ్చే ఏడు కూడా మీ పద్ధతే. ఆ లావుపాటివాళ్లకి కూడా మీరే కప్పులివ్వాలి, మీ ఓపిక! ఏం కోచ్, ముందు బతిమాలాలా?"

ఎమిల్ మైదానంకేసే చూస్తున్నాడు. డారెన్ ముందుకొచ్చి మొహం చూశాడు. మోకాళ్లమీద కూలబడి "ఆర్లీన్ అత్తా!" అని కేకేశాడు.

ఆమె వచ్చి భర్త కళ్లు మూసింది. "మాత్ర వేసుకున్నాడురా, నేనే చూశాను" అంది, ఎవరో తనని తప్పు పట్టినట్టు. తర్వాత ఏడ్చింది.

ముగ్గురు కుర్రాళ్లూ డారెన్‌తో కలిసి ఆయన్ని మోసుకెళ్లారు. ఎవరు ఏ వైపు పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. మైదానం ఖాళీ అయ్యాక బెంచీ చివర ఆ కాగితపు కప్పు బోర్లించినట్టే ఉంది, అంచు ఎక్కడా వంగలేదు.