వంటింటి పక్కన రెండు మీటర్లు

కొత్త ఇంటికి ప్లాను గీయమని చెల్లెలు రోస్నిదా అడిగినప్పుడు దస్రిల్ లోలోపల పొంగిపోయాడు. గీయాల్సింది అతనే మరి. అన్న బతికుండగా చెల్లెలి ఇంటికి వేరే ఎవరో గీత గీస్తే ఊరు నవ్విపోదూ? పైగా నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడు. సింకరాక్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో అతని చెయ్యి పడని ఇంటికప్పు తక్కువ. చెదలు తిన్న పాత చెక్క ఇంటిని విప్పేసి, వంటిల్లొక్కటీ ఉంచుకుని, మిగతాది ఇటుకతో కట్టాలని అనుకున్నారు.

అయితే అతని పొంగుకి కారణం పెద్దరికం కాదు. అతనికి ఆ ఇంట్లో ఒక గది కావాలి.

భార్య అస్నిమార్ పోయి నాలుగు నెలలైంది. వాళ్ల ఆచారంలో ఇల్లు ఆడవాళ్లది. తల్లి నుంచి కూతురికి పోతుంది. పెళ్లాం ఇంట్లో మగాడు మొద్దు మీది బూడిద అంటారు, గాలి వీస్తే ఎగిరిపోవాల్సిందే. వందో రోజు ప్రార్థనలు అయ్యాక కూతుళ్లు ఉండమనే అన్నారు. నిజంగా అన్నారో, అనకపోతే బాగుండదని అన్నారో అతను తేల్చుకోదలచుకోలేదు. అల్లుళ్లు కూర్చునే చావడిలో తను ఎక్కడ కూర్చున్నా అడ్డంగానే ఉన్నట్టు తోచింది. ఒక ట్రంకుపెట్టె పట్టుకుని పుట్టిన ఊరికొచ్చి, సురావులో దిగాడు. సురావంటే నమాజు చదివే చోటు, రాత్రుళ్లు మగపిల్లలు పడుకునే చోటు కూడా. ఎనిమిదో ఏట అమ్మ చంకన చాప పెట్టి పంపింది ఆ సురావుకే. అరవై ఏడో ఏట మళ్లీ అక్కడే చాప పరిచాడు. ఇన్నేళ్లలో ఎంతమందికో గదులు కట్టాడు గాని, ఇది నాదని తలుపేసుకున్న గది అతనికి ఒక్కటీ లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అతనితో వచ్చిన చిక్కే అది. మేనమామ పంచిపెట్టాలి గాని చెయ్యి చాపకూడదు. అందుకని వడ్రంగి తెలివి ఒకటి చేశాడు. చెల్లెలికో గది, ముగ్గురు మేనకోడళ్లకు మూడు గదులు, ముందు చావడి గీసి, వంటింటి పక్కన రెండు మీటర్ల వెడల్పున చోటు వదిలి, దానికి పేరు రాయలేదు. ఎవరో ఒకరు ఇది ఎవరిదని అడుగుతారు. ఇంకెవరో నీదే కదా అంటారు. అడగక్కర్లేకుండా పని జరిగిపోతుంది.

ఆదివారం పొద్దున వంటింట్లో చాప మీద కాగితం పరిచాడు. మూడో మేనకోడలు పెకన్‌బారు పట్నంలో ఉద్యోగంలో ఉంది. మిగతా ఇద్దరూ కాగితం మీదికి వంగారు. పెద్దది యూలిస్మా కళ్లు తిన్నగా అక్కడికే పోయాయి.

"ఈ ఖాళీ ఏంటి మావయ్యా?"

అతను కాగితం మడత సాపు చేశాడు. "మిగిలిందమ్మా," అన్నాడు.

నలభై ఏళ్ల వడ్రంగికి రెండు మీటర్లు ఎలా మిగిలాయని ఒక్కరికీ అనుమానం రాలేదు. యూలిస్మా మోటారుసైకిళ్లు పెట్టుకుందామంది. రెండోది వెల్నీ కుట్టుమిషనుకి సరిగ్గా సరిపోతుందంది. వడ్ల బస్తాలని ఒకరు, కాదు, కోళ్లని ఒకరు. మావయ్య లెక్క తప్పిందంటే ముసలాడైపోయినట్టేనని వెల్నీ వేళాకోళం చేస్తే, అతను కూడా వాళ్లతో పాటు నవ్వాడు. ఆ నవ్వు అతనికే నచ్చలేదు.

రోస్నిదా మూల కూర్చుని సరస్సు చేపలు శుభ్రం చేస్తోంది.

"అది అన్నయ్యకి," అంది చివరికి. "తెల్లారుజామున సురావులో దగ్గుతుంటే నాకు ఇక్కడిదాకా వినబడుతోంది."

దస్రిల్ తలెత్తలేదు. నాలుగు నెలల్లో తన గురించి ఒకరు ఆలోచించారని వినడం అదే మొదలు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"తలుపు మాత్రం పెరటివైపు పెట్టుకో," అంది రోస్నిదా. "వంటింట్లోకి వద్దన్నయ్యా. అల్లుళ్లు తిరిగే ఇల్లు. వాళ్లకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది."

తప్పు మాట్లాడలేదు. ఏ చెల్లెలైనా అంతే అంటుంది. ఇలాంటి ముసలి మేనమామలకి అతనే రెండు మూడు ఇళ్లలో పెరటివైపు తలుపులు బిగించాడు. అప్పుడు వాళ్లను ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు.

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు. వంటింటివైపు పెన్సిలుతో సన్నగా గీసి ఉంచుకున్న తలుపుని బొటనవేలితో రుద్దేశాడు.

వారం తిరిగేసరికి పాత ఇల్లు విప్పించి, స్థలం చదును చేసి, మేకులు దిగ్గొట్టి, గదిగదికీ దారాలు కట్టాడు. వంటింటికి అతని గదివైపు గోడ చెక్కలు ఊడదీయడంతో ఆ పక్క స్తంభాలూ కప్పూ మాత్రం మిగిలాయి. కోడళ్లిద్దరికీ పండగే. మంచం ఇక్కడ, బీరువా అక్కడ అనుకుంటూ దారాలు దాటి ఒకరి గదిలోకి ఒకరు పోయి దెబ్బలాడుకున్నారు. దస్రిల్ తన గదిలో నేల మీద పడుకుని చూసుకున్నాడు. కాళ్లు దారానికి తగల్లేదు. లెక్క ఎక్కడా తప్పలేదు. అవతల మిరపకాయలు వేగుతుంటే ఘాటు నేరుగా వచ్చి దగ్గు తెప్పించింది. అలా దగ్గడం కూడా బాగానే ఉందనిపించింది.

"మావయ్యా, అన్నానికి రా," అని వెల్నీ పిలిచింది.

కంచానికీ అతనికీ మధ్య చీలమండ ఎత్తులో ఒక్క దారం. కోడళ్లు తమ దారాలు దాటుకుంటూ వచ్చి కంచాల ముందు కూర్చున్నారు. అతను లేచి, దులుపుకుని, పెరటివైపు తలుపుకని వదిలిన సందులోంచి బయటికి నడిచాడు. చెల్లెలి గది చుట్టూ, ముగ్గురు కోడళ్ల గదుల చుట్టూ తిరిగి, ముందుకొచ్చి, చావడిలోంచి వంటింట్లోకి వచ్చాడు. పని అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెట్టుకున్నాడు. నలభై ఒకటి.

"అంత దూరం తిరిగొచ్చావేంటి మావయ్యా?" అంది వెల్నీ. "దారమేగా, దాటి రావచ్చుగా."

"గోడ అలవాటు చేసుకుంటున్నానమ్మా," అన్నాడు కూర్చుంటూ.

రోస్నిదా అతని ముఖం చూడలేదు. అప్పటికే నిండుగా ఉన్న అతని కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది.