తివాచీల వెనక గోడ

బొగ్గు అంటుకున్నాక ఇసాబెక్ పొయ్యి తలుపు మూసి, దాని మీదే చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాలుతోందని తెలియడానికి అతనికి కాస్త ఆలస్యమవుతుంది. ఈ హాలు సమష్టి వ్యవసాయ క్షేత్రం వారి ఉన్ని గోదాముగా ఉన్న రోజుల్లో, కాపలా కాసిన ఒక చలికాలంలో, అతని వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. మళ్ళీ తేరుకోలేదు. తర్వాత క్షేత్రం పోయింది, ఉన్ని పోయింది, గోదాము మిగిలింది. ఊరి కుర్రాళ్ళు అందులో కుస్తీ పట్టడం మొదలుపెట్టారు. ఇసాబెక్ కాపలాదారుగానే ఉండిపోయాడు. పొయ్యి వెలిగించడం, కుస్తీ పరుపు తుడవడం, చిరిగినచోట చెప్పులు కుట్టే దారంతో కుట్టడం అతని పని. తను మాత్రం ఏనాడూ కుస్తీ పట్టలేదు. ఎవరైనా అడిగితే, "ఉన్ని బస్తాలతో పట్టాను. ప్రతిసారీ అవే నా మీద పడ్డాయి" అనేవాడు.

తడిగుడ్డతో పరుపు తుడుస్తూ ఉత్తరం గోడ దాకా వచ్చాడు. సున్నం పెళ్ళలుగా ఊడి లోపలి మట్టి ఇటుకలు కనిపిస్తున్నాయి. గోడా కప్పూ కలిసేచోట నుంచి కారిన నీళ్ళు నల్లటి చారలు కట్టాయి. మూలన బూజు గొర్రె పొట్ట లోపలి చర్మంలా మందంగా పేరుకుంది. కప్పు బాగుచేయించకపోతే మంచు పడేలోగా హాలు మూసేస్తామని పట్నం నారిన్‌లోని అధికారుల నుంచి కబురొచ్చింది. మూస్తే కుర్రాళ్ళకి కుస్తీ ఉండదు. ఇసాబెక్‌కి పొద్దున్నే లేచి వెళ్ళే చోటు ఉండదు. అయితే ఈ సంవత్సరం పల్లెల్లోని క్రీడా సంఘాలకు ప్రభుత్వం మరమ్మత్తులకు డబ్బు ఇస్తోంది. ఏ హాలు ఎక్కువ పాడైందో కళ్ళారా చూసి ఇస్తారు. చూసేవాళ్ళు ఈరోజే వస్తున్నారు.

వాళ్ళను వెంటబెట్టుకు రావడానికి కోచ్ మెలిస్ అప్పటికే బయల్దేరి వెళ్ళాడు. వెళ్తూ, "అన్నా, ఏదీ ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు ఉంచు" అన్నాడు. ఇసాబెక్ తలూపాడు.

ఎండ కాస్త పైకొచ్చాక అతని భార్య బూరుల్, పక్కింటి కాలీచాతో కలిసి వచ్చింది. వెనక గాడిద బండి నిండా ఉన్ని తివాచీలు. ఎర్రవి, నీలివి, గొర్రెకొమ్ముల ముగ్గులు కుట్టినవి. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప పెట్టెల్లోంచి బయటికి రానివి.

"మెలిస్ ఏదీ ముట్టుకోవద్దన్నాడే" అన్నాడు ఇసాబెక్.

"మెలిస్‌కేం తెలుసు? గొర్రెను కోశాం. వచ్చినవాళ్ళు ఆ బూజు గోడకి వీపు ఆనించుకుని తింటారా? రేపు పై ఊరి ఆడాళ్ళు నా మొహం మీదే నవ్వరూ?"

"మీ ఆయనకి ఆ గోడంటే ప్రాణమే బూరులూ," అంది కాలీచా. "ఇన్నేళ్ళూ దానికే వీపు ఆనించుకున్నాడు. ఇంట్లో నీ పక్కన ఎప్పుడైనా కుదురుగా కూర్చున్నాడా?"

"కూర్చుంటే ఉన్ని కంపు. అక్కడుండటమే మేలు," అంది బూరుల్ నవ్వుతూ.

ఇసాబెక్ కూడా నవ్వాడు. భార్య మాట అతనికి సబబుగానే తోచింది. అతిథి వచ్చేచోట గోడ బోసిగా ఉండకూడదు. మేకులు తనే కొట్టాడు. నిచ్చెన మీద ఉండగా ఎడమ చెయ్యి బరువెక్కింది. దాన్ని కుడిచేత్తో కాసేపు పిసుక్కుని మళ్ళీ కొట్టాడు. చలికాలానికని దాచిన బొగ్గు కూడా తెచ్చి పొయ్యిలో పోశాడు.

మధ్యాహ్నం కారు వచ్చింది. నజీరా అనే అధికారి, ఆమె వెంట ఒక ఇంజనీరు దిగారు. వాళ్ళ వెనకే లోపలికి వచ్చిన మెలిస్ గోడలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పరుపు మీదే బట్ట పరిచి వడ్డించారు. ఆడ అతిథికి దక్కాల్సిన గొర్రె తోక కొవ్వు ముక్క నజీరాకు పెట్టారు.

"అబ్బ, ఎంత వెచ్చగా ఉందండీ! పొద్దున చూసినచోట మా కాళ్ళు కొంకర్లు పోయాయి. మీరు దీన్ని ఇల్లులా చూసుకుంటున్నారు," అంది నజీరా.

"అదీ... ఆ కప్పు కొంచెం..." మెలిస్ మొదలుపెట్టాడు.

"తినమ్మా, తిను," అంది బూరుల్. "చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది."

ఇసాబెక్ ఉత్తరం గోడ పక్కన కూర్చుని టీ పోస్తున్నాడు. తివాచీ అంచు అతని భుజానికి తగులుతోంది. ఎత్తితే చాలు. దాని కిందకి చెయ్యి పోనిచ్చాడు కూడా. గోడ తడి తడిగా తగిలింది. నజీరా కళ్ళు సగం మూసుకుని కొవ్వు నములుతోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆమె గిన్నెలో ఇంకాస్త టీ పోశాడు.

వెళ్ళేముందు ఆమె చెప్పేసింది. "మీకన్నా కష్టంలో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈసారికి వాళ్ళకి ఇస్తాం. ఏమీ అనుకోకండి."

"మంచిదమ్మా," అన్నాడు ఇసాబెక్. "మళ్ళీ రండి."

కారు మలుపు తిరిగింది. మెలిస్ దాని దుమ్ము వంకే చూస్తూ అన్నాడు:

"ఒక్క తివాచీ, అన్నా. ఒక్కటి ఎత్తుంటే సరిపోయేది."

"అతిథి నోట్లో ముద్ద ఉండగానా?"

మెలిస్ టోపీ తీసి దుమ్ము దులిపాడు. తనూ ఎత్తలేదు మరి. "కుర్రాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడు.

ఇసాబెక్‌కి బాధగా ఉందో లేదో కూడా తెలియలేదు. లోపలికి వెళ్ళి తివాచీలు ఒక్కొక్కటే దించాడు. పొయ్యి వేడికి గోడ చెమర్చింది. తివాచీల వెనకవైపు చెమ్మగిల్లింది. తడి భాగం పైకి వచ్చేలా మడతలు పెట్టాడు. పని అయ్యాక పరుపు అంచున, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.

బూరుల్ గిన్నెలు కడుక్కుని వచ్చింది. "లేవయ్యా, బండి కట్టాలి."

"పోనీ ఉండనీవే," అంది కాలీచా. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు."

బూరుల్ అతని భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. అతని తల పక్కకి వాలిపోయింది. తర్వాత చేతులు గౌనుకి తుడుచుకుని, అతని పక్కనే కూర్చుండిపోయింది. కాలీచా అప్పుడు మెలిస్‌ను కేకేసింది.

మగవాళ్ళు వచ్చి, అన్నింటికన్నా పెద్ద తివాచీ పరిచి, అతన్ని దాని మీద పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళారు. మిగిలినవాళ్ళు గుమ్మం బయట ఎవరి జోళ్ళు వాళ్ళు తొడుక్కుని వెనకే నడిచారు. అక్కడ ఒక జత నల్ల రబ్బరు జోళ్ళు మిగిలాయి. బయల్దేరే అతిథికి తిప్పిపెట్టినట్టు, ఎవరో వాటి ముందువైపు దారికేసి తిప్పి పెట్టారు. లోపల కూరిన ఉన్ని పీచు ఇంకా పాదం ఆకారంలోనే అణిగి ఉంది.