ద్వాదశి నాటికి కొల్లేరు

మా అన్నయ్య నాగేశ్వరరావు నా భార్య సంవత్సరీకానికి రెండు వందల విస్తళ్ళు వెయ్యాలని నిర్ణయించాడు. నన్ను అడగలేదు. చెప్పాడంతే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆయన ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మరిడమ్మ అందరూ తిన్నాక అడుగూబొడుగూ తింది. చచ్చాక ఆవిడ పేరు చెప్పి నాలుగు వీధులకీ భోజనం.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. మరిడమ్మ పోయాక పిల్లలూ నా దగ్గరే ఉన్నారు. ఊళ్ళో పొలం అన్నయ్య చేతి కింద ఉండేది. సంవత్సరీకం ఖర్చుకని నేను దాచుకున్నదంతా వేసవిలోనే వచ్చి పట్టుకెళ్ళాడు. అప్పుడు ఇది ఓట్ల భోజనమని నాకు తెలియదు. పిండం పెట్టాల్సినవాడు నా కొడుకు చిట్టిబాబు. వాడికి తొమ్మిదేళ్ళు. వాడు లేకపోతే తంతు లేదు. అందుకని వాణ్ణీ, పద్నాలుగేళ్ళ కనకరత్నాన్నీ తీసుకుని ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి నాటికి నేను ఊరికి రావాలి. దసరా వెళ్ళిన రెండో రోజన్నమాట.

మరిడమ్మది కొల్లేటి లంక. వానాకాలం వస్తే ఆ ఊరికి నాలుగు వైపులా నీళ్ళే. పొరుగింటికి అప్పు మజ్జిగకి వెళ్ళినా దోనె మీదే వెళ్తామని పిల్లలకి చెప్పేది. తాటిమానుని తొలిచి చేసిన దోనె. పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. పెళ్ళయ్యాక ఆవిడ నన్నూ, ఆ ఇంటినీ అడిగింది ఒక్కటే. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉండి రావాలని. మొదట ఊడ్పులన్నారు. కనకరత్నం కడుపున పడ్డప్పుడు పురిటికైనా పంపుతారనుకుంది. నీళ్ళ మధ్య పురుడేమిటని మా వదిన సుబ్బాయమ్మ ఆపింది. ఆ తరవాత, చేతిలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడు చూద్దామన్నారు. మా ఇంట్లో మిగలడమనేది లేదు. మిగిలినది వదిన మెడలోకి వెళ్ళేది.

ఆవిడకో అలవాటుండేది. ఏ ఊరు బయలుదేరినా చెంబులో వేళ్ళు ముంచి, గడపని తడిచేత్తో ఒకసారి రాసి, అప్పుడు దాటేది. వదిన దాన్ని కొల్లేటి పిచ్చి అనేది. పేరంటానికి వచ్చినవాళ్ళ ముందు చేసి చూపించి నవ్వించేది. మరిడమ్మ బదులు చెప్పేది కాదు. అలవాటు మానేదీ కాదు.

విషజ్వరం వచ్చి నాలుగో రోజున పోయింది. అంతే.

దసరాకి పది రోజుల ముందు అన్నయ్య గూడెం వచ్చాడు. పందిరి వేయిస్తున్నానని, నాలుగు ఊళ్ళకి కబుర్లు పంపానని చెప్పాడు. నేను మిల్లు అరుగు మీదే నిలబెట్టి చెప్పాను, ద్వాదశి నాటికి పిల్లలతో కొల్లేట్లో ఉంటానని.

ఆయనకి కోపం రాలేదు. నవ్వొచ్చింది.

"దేంతో వెళ్తావురా? నీ జేబులో ఏముందో నాకు తెలుసు. ఉన్నదంతా నా దగ్గరే ఉంది కదా."

"అది మీ విస్తళ్ళకి ఉంచుకోండి."

"ఏడాది తిరక్కుండా షికార్లు తిరిగినవాణ్ణి నిన్నే చూస్తున్నా. సంవత్సరీకం అయ్యాక వెళ్ళు. తరవాత నేనే పంపిస్తాను."

తరవాత. ఆ మాట మరిడమ్మ పదహారేళ్ళు తిని బతికింది. నేను లోపలికి వెళ్ళి తూకం చూసుకున్నాను.

కానీ ఆయన అన్నది నిజమే. చేతిలో ఆ నెల జీతంలో మిగిలిన ముక్క తప్ప లేదు. రైలు చార్జీ పెడితే ఏలూరు నుంచి కొల్లేటి అంచు దాకా బండికి మిగలదు. బండికి ఉంచితే రైలుకి లేదు. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజున మిల్లు వెనక రేవులో అబ్బులు పడవకి బియ్యం ఎక్కిస్తున్నారు. ఆ బియ్యం దశమి నాడు ఏలూరు వెళ్తుంది. అబ్బులు క్రైస్తవుడు. ఆయనకి దసరా లేదు. పడవ లాగే ఇద్దరిలో ఒకడికి ఉంది. వాడు పండక్కి ఇంటికి పోతానంటున్నాడు. అబ్బులు గట్టు మీద నిలబడి వాణ్ణీ, వాడి పండగనీ తిడుతున్నాడు.

వాడి బదులు నేను లాగుతానన్నాను. కూలి అక్కర్లేదు, నన్నూ నా పిల్లలిద్దర్నీ ఏలూరు చేర్చమన్నాను.

అబ్బులు నా ధోవతి వైపు, తరవాత నా చేతుల వైపు చూశాడు.

"కాటాబాబుగారూ, ఇది రాళ్ళు మార్చి తూకం వేసినట్టు కాదండి. భుజం ఊడొస్తది."

"ఊడితే నీ పడవలోనే పడుతుంది లే."

"నలుగురూ చూస్తారండి."

"చూడనీ."

కుదిరింది. లంకలో ఉన్న నా బావమరిది ముత్యాలరాజుకి, గూడెం సంతకి ఎండుచేపలు తెచ్చే మనిషితో కబురు పంపాను. ఏకాదశి పొద్దున్న దోనె తీసుకుని కొల్లేటి అంచుకి రమ్మన్నాను. ముత్యాలరాజు ఏడాదికోసారి మా ఊరు వచ్చేవాడు. ఎండుచేపలు, తామరగింజలు తెచ్చేవాడు. చేపలు లోపలికి వెళ్ళేవి. ఆయనకి మాత్రం వీధరుగు మీదే అన్నం పెట్టేవారు, నీచువాసనని. ఆ చేపలే తిని.

ఇక సామాను. కొల్లేట్లో దోమలు మనిషిని ఎత్తుకుపోతాయని మరిడమ్మే చెప్పేది. దోమతెర కొనే స్థితి లేదు. ఆవిడ వాయిల్ చీరలు రెండు పెట్టెలో ఉన్నాయి. సంవత్సరీకానికి వచ్చేటప్పుడు ఆ చీరలు తెమ్మని వదిన కబురు చేసింది. కనకరత్నం ఆ రెండూ అంచులు కలిపి కుట్టి తెర చేసింది. నేను చెప్పలేదు. దానికే తోచింది. ఇంట్లో ఉన్న బియ్యం, చింతపండు, మిరపకాయలు మూట కట్టాం. చుట్టరికానికి వెళ్తూ బియ్యం మోసుకెళ్తారా అని పక్కింటావిడ అడిగింది. మేం వెళ్తామన్నాను.

దశమి నాడు తెల్లవారకముందే బయలుదేరాం. పిల్లలు బస్తాల మీద కూర్చున్నారు. చుక్కాని దగ్గర అబ్బులు. గట్టు మీద ముందు ఆయన మనిషి యాకోబు, వెనక నేను. తాడు భుజానికి అడ్డంగా వేసుకుని, ముందుకి వంగి నడవాలి. చేతులతో లాగేది కాదు, ఒంటి బరువుతో లాగేది. మొదటి మైలు సులువుగానే ఉంది. రెండో మైలుకి తోలు లేచింది. యాకోబు తన తలగుడ్డ విప్పి తాడు కింద పెట్టుకోమని ఇచ్చాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. నాకూ మాటలు అక్కర్లేదు.

ఏలూరు వెళ్ళే కాలువ మా ఊరి రేవు మీదుగానే పోతుంది. ఆ సంగతి నాకు బయలుదేరే ముందే తెలుసు.

మేం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. పండగపూట. రేవు నిండా జనం. దూరం నుంచే ఎవరో గుర్తుపట్టారు. కబురు మాకంటే ముందు నడిచింది. అన్నయ్య కొత్త పంచె కట్టుకుని గట్టు మీదికి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనక ఆయన మనుషులు పదిమంది. అందరూ ఓటర్లే.

"ఒరే సూర్రావూ, ఆ తాడు వదిలెయ్."

"వదిలితే పడవ గట్టుకి కొట్టుకుంటుందండి."

ఎవరో నవ్వారు. అన్నయ్య మొహం నల్లబడింది.

"మన వంశంలో ఎవడన్నా పడవ లాగాడుట్రా?"

"మన వంశంలో ఎవరూ కొల్లేరు చూడలేదు. చూడాలంటే లాగాలి. డబ్బు మీ దగ్గరుంది కదా."

ఆయన గొంతు తగ్గించాడు. ఆయనకి అవసరమైనప్పుడు గొంతు తగ్గుతుంది. ఎల్లుండికి బియ్యం దిగాయని, కూరలు వచ్చాయని, ఆ పూట చిట్టిబాబు పీట మీద లేకపోతే తను తల ఎత్తుకోలేనని చెప్పాడు. జేబులోంచి నోట్లు తీశాడు. అవి నావే అయ్యుంటాయి. సంవత్సరీకం వెళ్ళగానే రైల్లో, సెకండు క్లాసులో పంపిస్తానన్నాడు.

"ఏమని చెప్పమంటావురా జనానికి?"

"ఓట్లకి పెట్టే భోజనమని చెప్పండి. ఆవిడ పేరు మాత్రం తియ్యకండి."

అప్పటికి వదిన వచ్చింది. నాతో మాట్లాడలేదు. తిన్నగా నీటి అంచుకి దిగి చిట్టిబాబుని పిలిచింది. పులిహోర కలిపానంది, బూరెలు చేశానంది. పడవ అప్పటికి గట్టుకి ఒక బార దూరంలో నిలిచి ఉంది. వాడు లేచి నిలబడ్డాడు. దిగితే దిగేవాడే. ఆకలి వాడిది. నేను వాణ్ణి ఆపలేదు. ఆపకూడదనుకున్నాను. వాడిని లాక్కెళ్ళే పని ఆ ఇంటివాళ్ళు చేస్తారు, నేను చెయ్యను.

కనకరత్నం వాడి చెయ్యి పట్టుకోలేదు. కూర్చున్నచోటు నుంచే అంది:

"పెద్దమ్మా, మా అమ్మ ఎప్పుడడిగినా తరవాతే అన్నారు కదండీ. ఆ బూరెలు కూడా తరవాతే తింటాం లెండి."

చిట్టిబాబు కూర్చున్నాడు.

"ఈ గట్టు దాటావంటే మళ్ళీ నా గడప తొక్కకు," అన్నాడు అన్నయ్య.

ఆయన పక్కకి జరగలేదు. యాకోబు నా వైపు చూశాడు. నేను తాడు బిగించి ముందుకి వంగాను. పడవ కదిలింది. బరువు మీద ఉన్న తాడు మనిషిని చూసి ఆగదు. ఆయనే జరిగాడు.

ఏలూరులో ఆ రాత్రి అబ్బులు పడవలోనే పడుకున్నాం. దిగేటప్పుడు, తిరుగు ప్రయాణం కూడా కావాలంటే ఫలానా రోజుకి రేవులో ఉండమన్నాడు. పొద్దున్నే మట్టి రోడ్డున బండిలో కొల్లేటి అంచుకి వెళ్ళాం. బండి ఖర్చుతో జేబు ఖాళీ అయింది. ఇక పోగొట్టుకునేదేమీ లేదు కాబట్టి హాయిగానే ఉంది.

ముత్యాలరాజు రెండు దోనెలతో నిలబడి ఉన్నాడు. పెద్దగా పలకరింపులు లేవు. పిల్లల తలల మీద చెయ్యి వేసి, మూటలు అందుకున్నాడు. ఆయన భార్య పెద్దింటమ్మ దోనె ఎక్కబోతూ వంగి, నీళ్ళలో వేళ్ళు ముంచి, దోనె అంచుని తడిచేత్తో రాసి కాలు పెట్టింది. వెనక ఎక్కిన ముసలావిడా అలాగే చేసింది. ఎందుకని చిట్టిబాబు అడిగాడు.

"చెప్పకుండా ఎక్కితే నీళ్ళకి కోపం వస్తది నాయనా. మీ అమ్మ చెప్పలేదా?" అంది పెద్దింటమ్మ.

కనకరత్నం కొంచెంసేపు ఆ తడి గుర్తు వైపు చూసింది. తరవాత వంగి తనూ వేళ్ళు ముంచింది. అంచు మీద రాసింది. తల్లి చెయ్యి కదిలినట్టే కదిలింది. నేను తల తిప్పి కిక్కిస గడ్డి వైపు చూశాను. అక్కడ చూడాల్సిందేమీ లేదు.

దోనె గెడ పోటుతో గడ్డి మధ్య నుంచి సాగింది. కాసేపటికి గడ్డి విడిపోయి నీళ్ళు వచ్చాయి. మరిడమ్మ చెప్పింది అబద్ధం కాదు. నాలుగు వైపులా నీళ్ళే. అడుగున నాచు కనిపిస్తూనే ఉంది. దూరాన గూడకొంగలు గుంపుగా కూర్చుంటే చిట్టిబాబు అవి బస్తాలనుకున్నాడు. మిల్లు పిల్లాడు మరి.

ద్వాదశి పొద్దున్న, ముత్యాలరాజు ఇంటి వెనక నీళ్ళు తగిలేచోట చిట్టిబాబు పిండం పెట్టాడు. పురోహితుడు లేడు. మంత్రాలు రాని ఒక ముసలాయన ఏది ముందో ఏది వెనకో చెప్పాడు. విస్తట్లో ఆవిడకి ఇష్టమైన కొర్రమేను పులుసు వేశాం. మా ఊళ్ళో అయితే ఆవిడకి ఆ పూటా పప్పే పడేది.

భోజనానికి ముప్పై మంది వచ్చారు. ప్రతివాళ్ళూ చేతిలో గిన్నెతో వచ్చారు. ఒకళ్ళు అన్నం, ఒకళ్ళు చేప, ఒకళ్ళు మజ్జిగ. వానాకాలంలో లంకలో ఏ ఇంట్లోనూ ఎక్కువ నిల్వ ఉండదని, ఒక ఇంటి మీద భారం వెయ్యడం అక్కడి పద్ధతి కాదని పెద్దింటమ్మ చెప్పింది. మేం మోసుకెళ్ళిన బియ్యం మూట కూడా అందులో కలిసింది. ఎవరూ వింతగా చూడలేదు. ఒక్కరూ ప్రెసిడెంటు మాట ఎత్తలేదు. మరిడమ్మ చిన్నప్పుడు గెడ వెయ్యడంలో మగపిల్లల్ని ఓడించేదని మాత్రం నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. నాకు తెలియని సంగతి. ఆవిడ మా ఇంట్లో ఏ పందెమూ గెలవలేదు.

నాలుగు రోజులున్నాం. ఆవిడ అడిగింది నాలుగే. తిరుగు ప్రయాణంలో ఎదురు నీళ్ళు. లాగడం కష్టమైంది. లాగాను.

అన్నయ్య ఆ భోజనం పెట్టాడు. పై ఊళ్ళవాళ్ళకి చిట్టిబాబుకి జ్వరమని చెప్పి తనే పీట మీద కూర్చున్నాడట. రేవులో మమ్మల్ని చూసినవాళ్ళకి, పెళ్ళాం పోయిన బెంగతో తమ్ముడికి మతి చెడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడట. జనం జాలిపడ్డారు. గెలిచాడు. గెలిచాక పెద్దమనసు చేసుకుని, వచ్చి గడప తొక్కవచ్చని కబురు పంపాడు. నా దగ్గర పట్టుకెళ్ళిన డబ్బు మాట ఆ కబురులో లేదు. నేను వెళ్ళలేదు. ఇప్పటికీ వెళ్ళలేదు.

మరుసటి దసరాకి అబ్బులు నన్నేమీ అడగలేదు. రేవులో తాడు విప్పి, చివర గుడ్డ చుట్టి నాకు అందించాడు. ప్రతి ఏడూ అంతే. ఇప్పుడు నా భుజం కాయకాసింది. నొప్పి తెలియదు. దారిలో ఎక్కడైనా యాకోబుతో సమానంగా నడుస్తాను. మా ఊరి రేవు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడుగు తగ్గిస్తాను. చూడదలిచినవాళ్ళు తీరిగ్గా చూడొచ్చు.