సిమెంటు పోసిన గొట్టం

కూతురి ఊరు తిమ్మాజిపేటలో బస్సెక్కినప్పటి నుంచి యాదమ్మకు ఒకటే ఆలోచన. అర్చనకు రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. ఆదివారం తొట్లెలో వేస్తారు. ఈలోగా తన తల్లి వెండి కడియాలు కరిగించి మనవరాలికి చిట్టి కడియాలు చేయించాలి. ఆ తల్లి ఊరూరా కాలువ పనులకు వలసపోయి, మట్టి తట్టలు మోసి కొనుక్కున్న సొమ్ము అదొక్కటే. పోయేముందు యాదమ్మ చేతిలో పెట్టి, "నీ బిడ్డకు ఆడపిల్ల పుడితే ఇయ్యి" అంది.

కాన్పు సాయానికి పోతూ ఆ కడియాలను మూటగట్టి కొట్టం వెనక గోడకు ఆనించిన ఇనుప గొట్టంలో దాచింది. నీళ్లు పడని బోరుకు తెచ్చిన గొట్టం అది. తుప్పు పట్టి పడి ఉంది, దాని మొహం ఎవరు చూస్తారు? మొగుడు తిరుపతయ్యకు మాత్రం చెప్పలేదు. మంచివాడే గానీ కడుపులో మాట దాగదు. ఇంట్లో కూర మాడితే హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్లందరికీ తెలిసిపోతుంది. అలాంటి మనిషికి వెండి సంగతి చెప్పడమూ, ఊళ్లో దండోరా వేయించడమూ ఒకటే.

పెద్దమందడిలో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా జనం. డరడరమని ఒకటే చప్పుడు. మధ్యలో రెండు లావుపాటి ఇనుప రోలర్లు పక్కపక్కన ఒకదానికెదురు ఒకటి తిరుగుతున్నాయి. పైన కోసిన నూనె డబ్బాలో తిరుపతయ్య మక్కజొన్నలు పోస్తుంటే కింద పచ్చటి పలుకులు రాలుతున్నాయి.

"వచ్చినవా, చూడు! గిర్నిల పట్టిస్తే మెత్తగ పిండైతుండె, బర్రెలకు కడుపుబ్బుతుండె. గిప్పుడు ఒక్కో గింజ నాలుగు పలుకులు! గీ బోల్టు తిప్పితే సందు తగ్గుతది, ఇంక జర సన్నగ పడ్తది."

పక్కింటి రూతమ్మ దోసిలి పట్టి చూపించింది. "ఎంత మంచిగున్నయో చూడు యాదక్కా. రేపు మావి గుడ తెస్త."

యాదమ్మకు గర్వంగానే అనిపించింది. నోరే తప్ప చేయి ఆడించడనుకున్న మొగుడు మిషనే చేసేశాడు!

"ఇంత సామాను యాడిది?" అంది.

"అంత మన ఇంట్లదే! డబ్బ మన నూనె డబ్బనే. బేరింగులు పాత ఆటోవి, మెకానిక్ బుచ్చన్న పైస తీస్కోకుంట ఊకెనే ఇచ్చిండు. రోలర్లు మన బోరు గొట్టమే. రెండు ముక్కలు కోపిచ్చి, లోపల సిమెంటు, కంకర నింపి, రెండు దిక్కులు ఇనుప బిళ్లలు వెట్టి వెల్డింగ్ చేపిచ్చిన. ఉత్త గొట్టమైతే బరువు సాలదు గద!"

యాదమ్మ చేతిలోని సంచి జారి కిందపడింది. మట్టి మోసిన తల్లి కడియాలు సిమెంటులో కూరుకుపోయి, తన కళ్ల ముందే గిరగిరా తిరుగుతున్నాయి.

"బంద్ చెయ్!" అని కేక పెట్టింది. తన కొంగు ఇరుక్కుందేమోనని రూతమ్మ వెనక్కి దూకింది. తిరుపతయ్య స్విచ్ ఆపాడు.

"ఏమైందే?"

"గొట్టంల మూట వెట్టిన. మా అమ్మది."

తిరుపతయ్య నెత్తి బాదుకున్నాడు. "ఓర్నాయనో! నాకొక్క మాట చెప్పొద్దా? నాకేం తెల్సు!" ఆ మొహం చూసి యాదమ్మకే జాలేసింది. కట్టుకున్నవాణ్ణి నమ్మకపోతే ఇలాగే అవుతుంది, తప్పంతా నాదే అనుకుంది.

"సమ్మెట తే. పలగ్గొడ్దాం."

"పలగ్గొడ్తవా? ఇంత కష్టపడి చేసిన! మూట యాడికి వోతది? లోపలనే ఉంటది. ఏ దొంగ ముట్టడు."

"ఆదివారం పిల్లకు కడియాలు వెట్టాలె."

అతను కదలకపోయేసరికి యాదమ్మే కొట్టంలోకి పోయి సమ్మెట తెచ్చింది. ఎత్తింది. తిరుపతయ్య రోలర్ల మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇను యాదమ్మా, పండుగకు తీద్దాం. సిమెంటు గుడ అంటదు. ఆకుపచ్చ రైక గుడ్డల మూడు ముళ్లేసి గట్టిగ కట్టినవ్ గద, కడియాలకేం గాదు."

సమ్మెట గాల్లోనే ఆగింది.

ఆమె మూట అంది. అంతే. ఆకుపచ్చ రైక గుడ్డ అనలేదు. మూడు ముళ్లు అనలేదు. ఏదో చెప్పబోయిన రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

యాదమ్మ మెల్లగా సమ్మెట దించింది. అప్పుడు చూసింది మోటారును. డబ్బా పాతది, బేరింగులు పాతవి, గొట్టం తుప్పుది. మోటారు ఒక్కటే కొత్తది. నీలిరంగు మెరుస్తోంది, దుకాణంలో చుట్టిన ప్లాస్టిక్ కవరు ముక్క ఒక మూల ఇంకా అంటుకునే ఉంది.

"మోటారు యాడిది?" అని అడిగింది.

ప్రతి సామానుకూ అడగకుండానే లెక్క చెప్పినవాడు గబగబా ఆ కవరు ముక్క పీకి గుప్పిట్లో దాచుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి యాదమ్మ అలా చూడటం అదే మొదటిసారి.