పెట్టె ఎత్తు

బెల్‌గ్రేడ్‌లో మా పరిశోధకుల గుంపుకు ఒక అలవాటుంది. మంచి వార్త ఎవరిదో విందు కూడా వాళ్లదే. ఆ సోమవారం నెవెనా వేడి వేడి బురెక్ రొట్టె, వాళ్ల తాత కాచిన ప్లమ్ పళ్ల సారా పట్టుకొచ్చింది. పరమాణువంత మందమున్న తన రేకును కంప్యూటర్లో బాగా సాగదీస్తే, కరెంటు నడవనిది కాస్తా నడిచిపోతోందట. నేనూ రెండు ముక్కలు లాగించి, చేతులు తుడుచుకుని ఆమె లెక్క ముందు కూర్చున్నాను. ఎవరి సంతోషమైనా సరే, లెక్క చూడనిదే నాకు మింగుడు పడదు.

ఆమె ఆశంతా కింది అంతస్తు ప్రయోగశాలలోని గ్రాదిమిర్ మీద. మేం లెక్కగట్టే రేకుల్లో ఏడాదికి ఒక్కదాన్ని ఆయన నిజంగా తయారుచేస్తాడు. మిగతావి తెరమీదే పుట్టి తెరమీదే పోతాయి. నెవెనా రేకులకు ఇంతవరకూ ఆ యోగం పట్టలేదు. ఈసారి శుక్రవారం వచ్చి మాట్లాడతానన్నాడు.

మా లెక్కలో రేకును ఒక పెట్టెలో పెడతాం. కంప్యూటర్ ఆ పెట్టెనే అన్ని వైపులా అంతులేకుండా పేర్చుకుంటూ పోతుంది. అందుకే రేకుకు పైన బోలెడు ఖాళీ వదలాలి. లేకపోతే పై పెట్టెలోని తన నకలే తనకు తగులుతుంది. నెవెనా ఖాళీ అక్కర్లేని ఏదో పాత స్ఫటికం లెక్కలోంచి పెట్టెను తెచ్చుకుని, ఎత్తు పెంచడం మరిచిపోయింది.

"నీ రేకు ఒంటరిగా లేదే పిల్లా," అన్నాను. "ఆ ఎత్తు చూడు."

చూసింది. మొహం పాలిపోయింది. ఎత్తు పెంచి మళ్లీ లెక్క వేస్తే, ఎంత సాగదీసినా రేకులో ఉలుకూ లేదు పలుకూ లేదు. తిన్నవాళ్లంతా బురెక్ కక్కమంటావా అని ఏడిపించారు. నోరు మూసుకుని ఉంటే పోయేదేమో అని నాకే బాధేసింది.

కానీ నెవెనా మొండిది. నకలు దగ్గరున్నప్పుడు కరెంటు నడిచిందంటే, దగ్గరితనంలోనే ఏదో ఉందని పట్టుకుంది. ఎత్తైన పెట్టెలో నిజంగానే రెండు రేకులు పెట్టి, లాగడం మానేసి, ఒకదానికొకటి కొద్దికొద్దిగా దగ్గర చేసింది. కరెంటు నడిచింది. ఈసారి పెట్టెను నేనూ నాలుగు రకాలుగా మార్చి చూశాను, ఫలితం కదల్లేదు.

శుక్రవారం గ్రాదిమిర్ కూర్చోగానే ఆమె ముందు తప్పే చెప్పింది. "నేను చెప్పింది తప్పండీ. లాగితే ఏమీ కాదు. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి వేసి నొక్కాలి."

ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"నీకెలా చెప్పాలా అని మథనపడుతున్నా నాన్నా," అన్నాడు. "అంత లాగితే ఏ రేకైనా నా చేతిలో చిరిగిపోతుంది. వద్దని చెప్పడానికే వచ్చా. నొక్కడమైతే నాకు వచ్చు. ఎప్పుడు మొదలుపెడదాం?"

నెవెనా నోరు తెరిచేలోపే, ఇప్పుడే అని నేనే చెప్పేశాను.