టైలరమ్మ భూస్థాపనలో వాక్యం

మా ఆయన పాస్టరు. మొన్నమొన్నటిదాకా సంఘంలో అందరికీ ఉత్త అయ్యగారే. సంఘం పెరిగింది, ఒక్క మనిషి వల్ల కావడం లేదని పెద్దలు ఇంకో పాస్టరుని తీసుకొచ్చారు. వయసులో చిన్నవాడు కాబట్టి అతన్ని చిన్నయ్యగారు అన్నారు. దాంతో ఈయన పెద్దయ్యగారు కావలసి వచ్చింది. బయటివాళ్ళు అదేదో హోదా పెరిగినట్టు మాట్లాడారు. ఈయన మాత్రం ఆ రోజు నుంచీ తల దువ్వుకునేటప్పుడు అద్దం ముందు కాస్త ఎక్కువసేపే నిలబడుతున్నారు.

చిన్నయ్యగారికి వంక పెట్టడానికి ఏమీ లేదు. మా ఇంట్లో వచ్చిన చిక్కంతా అదే. అబద్ధమాడడు, కోపం తెచ్చుకోడు, ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు తన చెప్పుల వైపు చూసుకుంటాడు. ఒక్క గొంతే బాగోదు. పాట ఎత్తుకున్నాడంటే శ్రుతి దారి తప్పినట్టే. ఆ ఒక్క లోపం మా ఆయనకి ఎంత ఊరటో. "పాపం, పాట మాత్రం రాదు" అనేవారు, ఆ పాపం అన్న మాటని నోట్లో చప్పరిస్తూ.

గొడవ విజిట్ల దగ్గర మొదలైంది. పాస్టర్లకి ఆదివారం ఒక్కరోజే పని అనుకుంటారు జనం. మిగతా వారమంతా ఇళ్ళ చుట్టూ తిరుగుడే. జ్వరం వచ్చినవాళ్ళు, కొడుకుతో పడనివాళ్ళు, కొత్తగా ఇల్లు మారినవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, అందరిళ్ళకీ వెళ్ళి, కూర్చుని, మంచీ చెడ్డా విని, ప్రార్థన చేసి రావాలి. పెద్దలు వీధులు పంచారు. కాలవకి ఇవతల మా ఆయన, అవతల చిన్నయ్యగారు. కొన్నాళ్ళు గడిచాయో లేదో, ఇవతలివాళ్ళు కూడా "చిన్నయ్యగారు ఒకసారి వచ్చివెళ్తే బాగుండు" అనడం మొదలుపెట్టారు.

ఎందుకో నాకు తెలుసు. మా ఆయన ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోవడమే ఆలస్యం, ప్రసంగం మొదలవుతుంది. చిన్నయ్యగారు వెళితే, ఇంటావిడ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే తనూ ఒక తువ్వాలు అందుకుంటాడు. ఆ మడతల మధ్యలో ఆవిడ మనసులో ఉన్నదంతా చెప్పేస్తుంది. లేచేముందు ప్రార్థన చేస్తాడు, అదీ చిన్నది.

ఒకరోజు మా ఆయన కిటికీ దగ్గర నిలబడి, "మన వీధిలో అతని సైకిలుంది" అన్నారు.

"ఉంటే ఏమైందండీ?"

"మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ గుమ్మం ముందు ఉంది. మొన్ననేగా నేను వెళ్ళి ప్రార్థన చేసొచ్చాను."

"నొప్పి తగ్గలేదేమో."

నేను మామూలుగానే అన్నాను. ఆయనకి అది పుండు మీద కారం చల్లినట్టయింది. చొక్కా తొడుక్కుని, ఆ సైకిలు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో కాపలా కాసి, తిన్నగా ముసలమ్మ ఇంటికి వెళ్ళారు. ఇక అదే పద్ధతి అయిపోయింది. అతను ఏ ఇంట్లోంచి బయటపడితే ఆ ఇంట్లోకి ఈయన. ఒక్క మోకాలికి ఇద్దరి ప్రార్థనలు, ఇద్దరికీ టీలు. టీ పెట్టడానికి లేచి లేచి అత్తగారికి నొప్పి ముదిరిందని ఆవిడ కోడలు నాతో మొత్తుకుంది. చివరికి ఎలా తయారైందంటే, మా ఆయన బైబిలు సంచి వీధి చివర కనబడగానే తలుపులు మూతపడేవి. లోపల టీవీ మాత్రం మోగుతూనే ఉండేది.

తర్వాత ప్రార్థనలతోనే దెబ్బలాటకి దిగారు. ఈ విద్య పాస్టర్లకే చెల్లింది. వారం మధ్యలో జరిగే కూడికలో మా ఆయన కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా తమ్ముడికి తగ్గింపు మనసు దయచెయ్యి. మనుషుల మెప్పు కోసం పరుగులు పెట్టే ఆశ ఏదైనా ఉంటే వేళ్ళతో సహా పీకెయ్యి" అన్నారు. కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడే మనిషికి ఎవరు అడ్డం చెప్తారు? సంఘమంతా ఆమెన్ అంది. అందరికన్నా గట్టిగా అన్నది చిన్నయ్యగారు. ఆ పూట మా ఆయనకి అన్నం సహించలేదు. "చూశావా, ఆమెన్‌లో కూడా నన్ను మించిపోవాలనే" అన్నారు.

ఇంత చేసినా ఆయన తట్టుకోలేకపోయింది శనివారాలని. అంతకుముందు శనివారం అంటే మా సంఘానికి మైకు కట్టిన వ్యాను, కరపత్రాలు. ఆ కరపత్రాలు మేం వెనక్కి వచ్చేటప్పటికి రోడ్డు మీదే కనిపించేవి. చిన్నయ్యగారు వ్యాను మాన్పించి, చర్చి వరండాలో బల్లలు వేయించాడు. మీ ఇంట్లో ఏది పాడైనా తీసుకురండి, బాగుచేసి ఇస్తాం అని గేటుకి బోర్డు కట్టాడు. సంఘంలో చేతిపని తెలిసినవాళ్ళంతా బల్లల దగ్గర కూర్చున్నారు. కాలు ఊగే కుర్చీలు, కాలిపోయిన ఇస్త్రీపెట్టెలు, జిప్పు పోయిన స్కూలు బ్యాగులు వచ్చాయి. వాటితోపాటు ఎన్నడూ చర్చి గేటు తొక్కనివాళ్ళు వచ్చారు. బాగయ్యేదాకా కూర్చోవాలి కదా, కూర్చున్నవాళ్ళు ఊరికే ఉండలేక మాట్లాడేవాళ్ళు. చిన్నయ్యగారు స్క్రూలు అందిస్తూ వినేవాడు.

మా ఆయన ఒక శనివారం విరిగిన గొడుగు పట్టుకుని వెళ్ళారు, బాగుచెయ్యలేరని రుజువు చెయ్యడానికి. అది చక్కగా బాగైంది. ఇంటికొచ్చి దాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, మూల పడేశారు. "చర్చిని రిపేరు షాపు చేశాడు" అన్నారు. కడుపుమంట అంటే ఏమిటో నేను ఆయన మొహంలో చూశాను, నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది.

ఆ వరండాలో నడిమి బల్ల టైలరమ్మది. మా సంఘం పుట్టింది ఆవిడ కొట్టులోనే. మా ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు, ఆయన్ని నమ్మి ఎవరూ గది ఇవ్వని రోజుల్లో, ఆదివారం పూట కుట్టుమిషన్లు గోడకి జరిపి చోటిచ్చింది ఆవిడ. ఆయన తొలి ప్రసంగం విన్నది ఆవిడా, కొక్కేలకి తగిలించిన జాకెట్లూ. "జాకెట్లే నయంరా, ఆవలించలేదు" అందట. ఊరంతా అయ్యగారు అంటుంటే ఏరా అనే హక్కు ఆవిడొక్కదానికే ఉండేది. మా పెళ్ళైన కొత్తలో మనసు బాగోకపోతే ఆయన నాతో చెప్పేవారు కాదు, వెళ్ళి ఆవిడ కొట్టులో కూర్చునేవారు. తల్లి లేకుండా పెరిగిన మనిషి, పోనీలే అనుకునేదాన్ని.

ఆ టైలరమ్మకి కడుపులో గడ్డ వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటి దగ్గరే చూసుకోండి అని పంపేశారు.

మా సంఘంలో ఒక అలవాటుంది. పోయేముందు మనిషి, తనని మట్టిచేసే భూస్థాపనలో వాక్యం, అదే ఆ పూట ప్రసంగం, ఎవరు చెప్పాలో తనే చెప్పిపోతుంది. ఆ మాట కాదనేవాళ్ళు లేరు. టైలరమ్మ ఎవరి పేరు చెప్తుందో అడిగే పనే లేదని మా ఆయన ధీమా. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగినప్పుడల్లా ఆ ప్రసంగం ముక్కలు ముక్కలుగా వినిపించేది. మనిషి బతికుండగానే ఇదేం పనండీ అని కేకలేశాను. అయినా ఆయనకి అది ఎంత ముఖ్యమో నాకు తెలుసు. వీధులు పోయాయి, శనివారాలు పోయాయి. టైలరమ్మ దగ్గర మాత్రం తనకి పోటీ లేదని ఆ ఒక్క ప్రసంగంతో అందరికీ తెలిసిపోవాలి.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం చూడ్డానికి వెళ్ళాం. ఆవిడ కూతురు మంచం మీద కూర్చుని తల్లి కాళ్ళు పడుతోంది.

"నా భూస్థాపనలో వాక్యం ఆ చిన్నాయన చెప్తాడు" అంది టైలరమ్మ, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా.

కూతురి చేతులు ఆగిపోయాయి. మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అదేంటమ్మా, అతను నిన్నగాక మొన్న వచ్చాడు. నీ గురించి అతనికేం తెలుసు?"

"ఏమీ తెలీదు. అందుకే తొందరగా ముగిస్తాడు."

"నేను సాగదీస్తానని భయమా?"

"మైకు పట్టుకుంటే నీ గొంతు మారిపోతుందిరా. ఆ గొంతు నాకొద్దు. నువ్వు నా పిల్లల వరసలో కూర్చో."

ఆ చివరి మాట నేను పట్టుకున్నాను, ఆయన పట్టించుకోలేదు. ఆయన చెవిలో చిన్నాయన అన్న మాట ఒక్కటే గిర్రున తిరుగుతోంది. ఇంటికి వస్తూ, "ఆవిడకి ఏం మందు పెట్టాడో" అన్నారు. పాస్టరు నోట రావలసిన మాట కాదది.

వారం తిరక్కుండా ఆవిడ పోయింది. భూస్థాపన ముందురోజు ఉదయం చిన్నయ్యగారు మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆవిడ గురించి నాకేమీ తెలీదు. మీరు నాలుగు ముక్కలు చెప్తే..."

"ప్రార్థన చేసుకో తమ్ముడూ. ఏం చెప్పాలో దేవుడే ఇస్తాడు" అన్నారు మా ఆయన, నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండింది. అతను వెళ్ళాక, "మీరు చెప్పకపోతే నేను చెప్తాను. జాకెట్ల సంగతి నాకూ తెలుసు" అన్నాను.

"నీకు తెలిసింది నేను చెప్తేనే కదా తెలిసింది. అవి నావి. వాడికి ఇవ్వను" అన్నారు. బొమ్మ దాచుకునే పిల్లాడికీ ఆయనకీ తేడా లేదు.

మర్నాడు చర్చి నిండిపోయింది. శనివారం గేటు దాటి వచ్చినవాళ్ళు కూడా గోడల వెంట నిలబడ్డారు. మా ఆయన, చెప్పినట్టే, కూతురి పక్కన పిల్లల వరసలో కూర్చున్నారు. ఆవిడ మాట మన్నించి కాదు, ఇంకెక్కడ కూర్చున్నా అలిగారని అందరూ అనుకుంటారని. చిన్నయ్యగారు మైకు ముందు నిలబడ్డాడు. పాపం, దేవుడు అతనికి ఏమీ ఇచ్చినట్టు లేదు. ఎవరి గురించైనా చెప్పే మాటలే మొదలుపెట్టాడు.

"ఈ తల్లి ఎంతో శాంతమూర్తి. ఎవరినీ నొప్పించి ఎరగదు. ఎప్పుడూ చిరునవ్వే."

కూతురు దగ్గింది. వెనక ఎవరో ముక్కు చీదినట్టు నవ్వాపుకున్నారు. మా ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. అతను ఓడిపోతున్నాడు, ఈయన కోరుకున్నది అదే. చూసి సంతోషపడొచ్చు కదా. కానీ "మృదుభాషి" అన్న మాట వినేసరికి ఆయన లేచి నిలబడ్డారు.

"కాదు" అన్నారు. "ఆవిడకి ముక్కు మీద కోపం."

చర్చి అంతా ఆయన వైపు తిరిగింది. ఆయన చేతిలో మైకు లేదు, గొంతు పెద్దది చెయ్యలేదు, మా వంటగదిలో మాట్లాడినట్టు మాట్లాడారు.

"మేం కొట్టులో కూడికలు పెట్టుకునే రోజుల్లో, మొగుడు కొడుతున్నాడని ఒకావిడ పారిపోయి మా దగ్గరికి వచ్చింది. ఆదివారం అతను వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో కర్ర. నేను అప్పుడు ధైర్యం గురించి ప్రసంగం చెప్తున్నాను. అతన్ని చూసి, కొలతలు తీసుకునే చోట కట్టిన తెర వెనక్కి వెళ్ళి దాక్కున్నాను. టైలరమ్మ పెద్ద కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతన్ని ఏమేం తిట్టిందో ఇక్కడ చెప్పకూడదు. అతను వెళ్ళిపోయాక తెర జరిపి, వాక్యం నువ్వు చెప్పరా, తలుపు నేను చూసుకుంటాను అంది. నేను దాక్కున్న సంగతి చచ్చేదాకా ఆవిడ ఎవరికీ చెప్పలేదు."

చిన్నయ్యగారు మైకు కట్టేసి, వేదిక మెట్టు మీద కూర్చున్నాడు. "ఇంకా చెప్పండి అయ్యగారూ" అన్నాడు.

ఆయన చెప్పారు. జనం నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఒక మాట మధ్యలో ఆగిపోయారు. ముగించకుండానే కూర్చుండిపోయారు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. నేను ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఆ తెర గురించే ఆలోచిస్తున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నేను ఒక్కసారి కూడా వినలేదు.

సమాధుల దగ్గర నుంచి తిరిగి వస్తుంటే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ కోడలు నా చెయ్యి పట్టుకుని, "చిన్నయ్యగారు ఎంత తెలివిగా పెద్దయ్యగారి చేత చెప్పించారండీ" అంది. అది ఆయన చెవిన పడనే పడింది.

ఇంటికి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఆ పేరు కూడా అతనికే పోయింది" అన్నారు.

"పోతే పోనివ్వండి. పేరేం చేసుకుంటాడు? ఆవిడని పట్టుకుపోలేదుగా" అన్నాను.

ఒక బూటు చేత్తో పట్టుకునే, "ఆవిడ నా మనిషి" అన్నారు. "నేనేమిటో పూర్తిగా తెలిసింది ఆవిడొక్కదానికే. ఇప్పుడు నాకెవరున్నారు?" అని ఏడ్చారు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ఏడవగా నేను చూడలేదు.

నేను ఆయన ఎదురుగానే ఉన్నాను. వెళ్ళి పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆ తెర సంగతి నాకెందుకు చెప్పలేదని నోటిదాకా వచ్చింది, అడగలేదు. మీద మట్టి ఇంకా ఆరని మనిషిని తలుచుకుని కుళ్ళుకుంటూ, ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాను.